వణుకు పరీక్ష

కొత్త ఫోను కనిపిస్తే ఎవరైనా ఏమడుగుతారు? ఎంతకి కొన్నావంటారు, ఫొటోలు బాగా వస్తాయా అంటారు. మా జ్ఞానశేఖర్ మాస్టారు మాత్రం చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి, "ఏదీ, కీబోర్డు చూపించండి" అంటారు. ఆ ఫోను పాలవాడిదా పెళ్ళికొడుకుదా అన్నది ఆయనకి అనవసరం. తీసుకుంటారు, బల్లమీద అడ్డంగా పడుకోబెడతారు, తెరమీద అక్షరాల గళ్ళు కొలుస్తారు, పరీక్ష పెడతారు, వందకి మార్కులు వేస్తారు, ఫెయిల్ చేసి తిరిగిచ్చేస్తారు.

నేనెరిగి ఆయన ఫెయిల్ చేసిన ఫోన్లు రెండొందల పైచిలుకు. ఆయనకంటూ సొంత ఫోను ఒక్కటీ లేదు.

"ఫోనే లేదు కదండీ మీకు, ఎందుకండీ ఈ పరీక్షలు" అని ఒకసారి అడిగాను.

"పేపర్లు దిద్దేవాడు మళ్ళీ పరీక్ష రాయాలా ఏంటి, టీచరమ్మా?"

ముప్పై ఒక్కేళ్ళు పేపర్లు దిద్దిన దాన్ని. అది నేననాల్సిన మాట.

మల్కాజ్‌గిరిలో మా గోడా, మాస్టారూ ఆయన భార్య ఎమిలీ గారూ ఉండే ఇంటి గోడా ఒకటే. కానీ నాకాయన అంతకు ముందునుంచే తెలుసు. రెజిమెంటల్ బజార్‌లో మేడమీద ఆయనకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇరవై రెండు మిషన్లు. అవన్నీ ఒకేసారి మోగితే కింద చాయ్ కొట్లో సాసర్లు నడుచుకుంటూ బల్ల అంచుదాకా వచ్చేవి. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏ ఆఫీసుకెళ్ళినా పదిమంది గుమాస్తాల్లో ఏడుగురి వేళ్ళు ఆయన తయారు చేసినవే. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండవు, వేళ్ళే గుర్తుంటాయి. పాత స్టూడెంటు ఎవరైనా రోడ్డుమీద నమస్కారం పెడితే మొహం చూడరు. చేతులు చూసి, "కుడి ఉంగరం వేలు, డెబ్బై ఆరో బ్యాచి" అంటారు.

ఎనభై ఒకటిలో, శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో, నేనూ రెండు నెలలు అక్కడికెళ్ళాను. నా ఎడమ చిటికెన వేలు చూసి ఆయన తీర్పు చెప్పేశారు. "అమ్మాయ్, ఇది సోమరి వేలు. మిగతా తొమ్మిదీ పని చేస్తుంటే ఇది పెళ్ళికొచ్చిన చుట్టంలా చూస్తూ కూర్చుంటుంది." ఇన్‌స్టిట్యూట్ పరీక్షలో నాకు ముప్పై ఒకటి వచ్చాయి. పాస్ మార్కు ముప్పై అయిదు. నాలుగు మార్కులు గ్రేస్ కలపమని బతిమాలాను.

"జ్ఞానశేఖర్ దగ్గర గ్రేస్ మార్కులు లేవమ్మా. కలిపిన మార్కుతో వేలు కదలదు."

అలా సికింద్రాబాద్ ఒక గుమాస్తాని పోగొట్టుకుని ఒక సోషల్ టీచర్ని సంపాదించుకుంది.

ఆయన నోట నేను మెచ్చుకోలు విన్నది ఒక్కడి గురించే. జకర్యా. మాస్టారి పాత స్టూడెంటు, రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. కళ్ళకి గంతలు కట్టినా తప్పు పడదట. ముప్పై అయిదేళ్ళుగా మాస్టారు వాళ్ళ చర్చికి ఆదివారం ఇంగ్లీషు బులెటిన్ ఆయనే టైపు కొట్టేవాడు. పాడబోయే కీర్తనల నంబర్లు, పుట్టినరోజులు, జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, అన్నీ ఒక పేజీలో. "జకర్యా పేజీ కొడితే మల్లెపూల దండలా ఉంటుంది" అనేవారు మాస్టారు. మా బ్యాచి అంతా ఆ జకర్యాని చూడకుండానే అసహ్యించుకున్నాం.

కంప్యూటర్లొచ్చాయి, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది, మిషన్లు పోయాయి. మాస్టారు పదేళ్ళు బుద్ధిగానే ఉన్నారు. ఇదిగో, మెట్రో పిల్లర్ల కోసం సికింద్రాబాద్ రోడ్లన్నీ తవ్విపోసిన ఆ ఏడాది, నేను రిటైరైన ఏడాది, వర్షాకాలం చివర్లో ఆయనకి ఈ ఫోన్ల పిచ్చి పట్టుకుంది.

రిటైర్మెంటుకి మా స్కూలువాళ్ళు నాకో టచ్ ఫోను ఇచ్చారు. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు, గోడ అవతలనుంచి కేక వచ్చేసింది.

"టీచరమ్మా, కొత్త ఫోనట. ఏదీ, కీబోర్డు చూపించండి."

మా భోజనాల బల్ల మీద పరీక్ష జరిగింది. మూడు భాగాలు. మొదటిది కొలత. స్కేలు పెట్టి, కళ్ళజోడు పైకెత్తి, "గడికి ఎనిమిది మిల్లీమీటర్లు. నా వేలు కొన పన్నెండు. ఇది కీబోర్డా, చీమల కాలనీయా?" అన్నారు.

రెండోది ఆనింపు. టైపు మిషను మీద ఎనిమిది వేళ్ళూ మధ్య వరసలో ఆనించి కూర్చోవాలి, అక్కణ్ణించి లేచి కొట్టి మళ్ళీ అక్కడికే రావాలి. ఆయన అలాగే నా ఫోను మీద ఎనిమిది వేళ్ళూ ఆనించారు. ఫోను దానంతటది గడగడా రాయడం మొదలుపెట్టింది. ఆయనింకా ఏమీ కొట్టనే లేదు, రెండు లైన్లు నిండిపోయాయి.

"చూశారా? వేలు ఆనిస్తే చాలు అరుస్తుంది. కుర్చీలు లేని ఇంటికి భోజనానికి పిలిచినట్టుంది దీని వరస. పైగా తడిమితే ఏ అక్షరం ఎక్కడుందో తెలీదు, అంతా నున్నగా గాజు. కరెంటు పోయినా అన్నం ముద్ద నోట్లోకే వెళ్తుంది గానీ ముక్కులోకి వెళ్ళదు కదా. టైపంటే అలా ఉండాలి."

మూడోది వణుకు పరీక్ష. ఇది చూసి నేను నిజంగా హడలిపోయాను. ఆయన కుడిచెయ్యి గాల్లోకెత్తి, మాఘమాసంలో తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకున్నవాడిలా గజగజా వణికించడం మొదలుపెట్టారు. ఆ వణుకుతోనే అక్షరాలు కొట్టారు. ఒకటి కొడితే దాని పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ కూడా బయటికొచ్చేశారు.

"మాస్టారూ, ఒంట్లో బాగోలేదా? ఎమిలీ గారిని పిలవనా?"

"పరీక్ష జరిగేటప్పుడు మాట్లాడకూడదు."

నా ఫోనుకి ముప్పై ఒకటి వచ్చాయి. అచ్చంగా నాకొచ్చినన్నే. నేను నోరు తెరవబోతుంటే ఆయన స్కేలు ఎత్తారు. "గ్రేస్ లేదు."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు, "నవంబరు ముప్పై లోపు ఒక్క ఫోనైనా పాసవ్వాలి" అన్నారు.

"ఎందుకు మాస్టారూ, ముప్పై దాటితే ఏమవుతుంది?"

"పరీక్షన్నాక తేదీ ఉండాలి కదండీ" అని వెళ్ళిపోయారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

ఇక చూడండి, అక్టోబరంతా మల్కాజ్‌గిరిలో ఎవరి ఫోనుకీ రక్షణ లేకుండా పోయింది. మాస్టారు గేటు తీసిన చప్పుడు వినపడితే మావారు రమణయ్య గారు తన ఫోను బియ్యం డబ్బాలో దాచేవారు. ఒకసారి అది లోపలే మోగింది. మాస్టారు కొలతపాత్ర తీసుకుని స్వయంగా తవ్వి తీసి, ఇరవై ఆరు మార్కులు వేసి, మళ్ళీ బియ్యంలోనే పెట్టి వెళ్ళారు.

బేగంపేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసే మా మేనల్లుడు సూరి ఆదివారం భోజనానికొస్తే వాడిదీ లాక్కున్నారు. వాడు పకపకా నవ్వాడు. "అత్తా, ఆఫీసులో నేను చేసేది అచ్చం ఇదే పని. టెస్టింగ్ అంటారు."

"మరి నువ్వెన్ని ఫెయిల్ చేశావురా?" అన్నారు మాస్టారు.

"ఫెయిల్ చేస్తే మా మేనేజరు ఒప్పుకోడు అంకుల్."

"అయితే అది పరీక్ష కాదు, పేరంటం" అని వాడి ఫోనుకి నలభై మార్కులు వేశారు. కొలతలో గట్టెక్కింది గానీ వణుకులో సున్నా. వణుకులో సున్నా వస్తే మొత్తం ఫెయిలట. అది ఆయన పెట్టుకున్న రూలు.

లోకల్ ట్రైన్లో జరిగింది ఇంకా బాగుంటుంది. నేనూ ఆయనా ఎమిలీ గారూ మల్కాజ్‌గిరిలో ఎక్కాం. ఎదురుగా ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. అంతే. కొలత అయింది, ఆనింపు అయింది. చెయ్యి వణికించడం మొదలుపెట్టేసరికి ఒకావిడ లేచి సీటిచ్చింది. ఒకాయన మంచినీళ్ళ సీసా తీశాడు. ఫోను యజమాని కంగారుపడి, "పెద్దాయనా, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పండి, నేను చేస్తా" అన్నాడు.

ఎమిలీ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నా చెవిలో అన్నారు. "వదినా, ఈయనెవరో మనకి తెలీదు. సికింద్రాబాద్‌లో విడివిడిగా దిగుదాం."

పాపం ఎమిలీ గారి బాధ వేరు. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాల మూతలు మాయమైపోతున్నాయి. దొరికినవాటికి కన్నాలుంటున్నాయి. కందిపప్పు డబ్బా మూతకి మూడు వరసల్లో ఇరవై ఆరు కన్నాలు. "ఎలకలు వరసలు కట్టి కొరుకుతాయా వదినా?" అని నాకు తెచ్చి చూపించారు. మాస్టారిని అడిగితే, "పప్పుకి గాలి తగలాలి" అన్నారట.

ఆ రోజే, మూత చేతిలో పట్టుకుని, ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. "మా జకర్యా గారు నెలన్నరగా చర్చికి రావట్లేదు. చేతులు వణుకుడు పట్టుకుంది. ఒక అక్షరం కొట్టబోతే మూడు పడుతున్నాయి. పోనీ నువ్వు చెప్తుంటే ఎవరైనా కొడతారయ్యా అంటే ఒప్పుకోడు. ముప్పై అయిదేళ్ళు ఊరందరివీ నా వేళ్ళతో కొట్టాను, నాది ఇంకొకరు కొట్టడమేంటంటాడు. నవంబరు ముప్పై నుంచి బులెటిన్ క్యారల్‌కి అప్పజెప్పేస్తారట. క్యారలంటే మా పాటల గుంపులో పిల్ల, కంప్యూటర్ మీద టకటకా కొట్టేస్తుంది."

నేను "అయ్యో పాపం" అని, కందిపప్పుకి పురుగు పట్టకుండా ఎండు మిరపకాయలు వెయ్యమని సలహా ఇచ్చాను. ముప్పై ఒక్కేళ్ళు పాఠాలు చెప్పిన బుర్ర అండి ఇది. వణుకూ, ముప్పయ్యో తారీఖూ, ఇరవై ఆరు కన్నాలూ పక్కపక్కనే పెట్టి చూపించినా ఒకదానికొకటి కలపలేదు.

నవంబరు మొదటివారం మాస్టారు యుద్ధాన్ని రెజిమెంటల్ బజార్‌కి మార్చారు. ఒకప్పటి ఆయన ఇన్‌స్టిట్యూట్ కిందే ఇప్పుడు తుకారాం సెల్‌ఫోన్ల షాపు. ఆ రోజు నాకు చార్జరు కావాల్సి నేనూ వెళ్ళాను. అద్దాల బల్ల మీద పధ్నాలుగు ఫోన్లు పరీక్ష హాల్లో పిల్లల్లా వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక చీటీ. పన్నెండు. పందొమ్మిది. ఇరవై రెండు.

"సార్, గిది షాపు. పరీక్ష సెంటర్ గాదు" అంటున్నాడు తుకారాం.

"నీ ఫోన్లలో ఒక్కటి పాసయ్యేదాకా సెంటరే."

"మీరు గిట్ల చెయ్యి వణికిస్తుంటే వచ్చిన గిరాకీ పరేషాన్ అయితున్నరు సార్. నిన్న ఒకామె సార్‌ని దవాఖాన్ల చూపియ్యిరి అని ఆటోకి పిలిచింది. జెర ఆ వణుకుడు లేకుంట చెయ్యరాదా?"

"వణుకు లేకుండా పరీక్షే లేదు తుకారాం. నీ దగ్గర ఇంకా పెద్దది ఏమైనా ఉందా?"

"ఒకటుంది గానీ ఎవ్వలు కొంటలేరు. జేబుల పట్టదు. పలక లెక్కుంటది."

లోపల్నుంచి తెచ్చాడు. నిజంగా పలకే. మా ఒకటో తరగతి పిల్లలు చంకలో పెట్టుకొచ్చేవారే, అలాంటిది. మాస్టారు అడ్డంగా పడుకోబెట్టి స్కేలు పెట్టారు. గడికి పన్నెండు మిల్లీమీటర్లు. ఆయన కనుబొమ్మలు కదిలాయి. చెయ్యి వణికించి ఒక వేలు దించారు. అది తప్పు గడిలో పడింది. తియ్యకుండా అలాగే మెల్లగా పక్క గడిలోకి జరిపి, అప్పుడు లేపారు. సరైన అక్షరం పడింది.

మళ్ళీ చేశారు. మళ్ళీ పడింది.

"టీచరమ్మా" అన్నారు చిన్న గొంతుతో. "మిషను మీద వేలు దిగితే అక్షరం. దీనిమీద వేలు లేస్తే అక్షరం. దిగడం ఎలా దిగినా పరవాలేదు. లేచేటప్పుడు చోటు సరిగ్గా ఉంటే చాలు. యాభై ఏళ్ళు తిరగేసి నేర్పానండీ నేను."

"అన్ని ఫోన్లూ గంతే కద సార్" అన్నాడు తుకారాం.

"అన్నీ అంతే. కానీ మిగతావాటిలో పక్కకి జరగడానికి చోటేదీ?"

వేలు ఎక్కువసేపు ఆనిస్తే మాత్రం ఆ అక్షరం బదులు ఇంకేదో గుర్తు పడుతోంది. తుకారాం లోపలెక్కడో నొక్కి, ఆ ఆగే టైము పెంచి చూపించాడు. మాస్టారు ఆ పలకకి డెబ్బై ఎనిమిది మార్కులు వేశారు. ఫస్టు క్లాసు. చుట్టూ ఉన్న గిరాకీలు చప్పట్లు కొట్టారు. తుకారాం అందరికీ చాయ్ చెప్పాడు. మాస్టారు ఆ పలకని అక్కడికక్కడే కొనేసి, సంచిలో పెట్టుకుని, నాకంటే ముందే వెళ్ళిపోయారు.

తమాషా ఏంటంటే, ఆ ఫోను మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ఎమిలీ గారిని అడిగాను, "మాస్టారి కొత్త ఫోను నంబరు ఎంత వదినా?"

"ఏ ఫోను?" అన్నారావిడ.

నేను నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"నలభై నాలుగేళ్ళ కాపురంలో నన్నడక్కుండా అరటిపండు కొనని మనిషి వదినా. ఫోను కొని దాచాడా? మూడు వారాలుగా శనివారం మధ్యాహ్నం ఎక్కడికెళ్తున్నావంటే గాలికి అంటున్నాడు. మల్కాజ్‌గిరిలో గాలి లేదా?"

నవంబరు ఇరవై తొమ్మిది, శనివారం. మేమిద్దరం నెత్తిమీద కొంగులు కప్పుకుని లోకల్ ట్రైన్లో పక్క పెట్టెలో ఎక్కాం. గూఢచారులు ఎలా ఉంటారో నాకు తెలీదు గానీ, ఇద్దరు అరవై ఏళ్ళవాళ్ళు పల్లీలు తింటూ వెంటపడితే ఎవరికైనా తెలిసిపోతుంది. మాస్టారికి మాత్రం తెలీలేదు. దారిలో ఇద్దరి ఫోన్లు ఫెయిల్ చేస్తూ సంతోషంగా వెళ్ళారు.

రెజిమెంటల్ బజార్‌లో ఒక సందులోకి తిరిగి, ఒక ఆకుపచ్చ తలుపు తట్టి లోపలికెళ్ళారు. ఎమిలీ గారు నా చెయ్యి పట్టుకుని నిలబడిపోయారు.

"వదినా, ఇది జకర్యా గారి ఇల్లు."

తలుపు దగ్గరగా వేసుందంతే. తోశాం. ముందుగదిలో బల్ల. బల్లమీద ఆ పలక. దానిమీద ఇడ్లీరేకు బోర్లించినట్టు ఒక మందపాటి ప్లాస్టిక్ బిళ్ళ. మూడు వరసలు, ఇరవై ఆరు కన్నాలు, అక్షరానికొకటి, అడుగున ఖాళీకి ఒక పొడుగాటి కన్నం, పక్కన చెరపడానికి ఇంకోటి. బల్ల ముందు బక్కగా, నీటుగా ఇస్త్రీ చొక్కాలో ఒక పెద్దాయన. ఆయన కుడిచెయ్యి మాస్టారు ట్రైన్లో వణికించినట్టే వణుకుతోంది. కాదు, తిరగేసి చెప్పాను. మాస్టారే ఈ చెయ్యి వణికినట్టు అన్నాళ్ళూ వణికించారు. పక్కనే గోడకి మూడు పాత మూతలు వేలాడుతున్నాయి. ఒకటి ఎమిలీ గారి పెసరపప్పు డబ్బాది.

ఎమిలీ గారు మూత వంక చూశారు, మొగుడి వంక చూశారు. "పప్పుకి గాలి తగలాలా?" అన్నారు.

మాస్టారు దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా నిలబడ్డారు. "చేతిని మొత్తం ఈ బిళ్ళమీద ఆనించుకోవచ్చు ఎమిలీ. ఫోను అరవదు. వేలు కన్నంలోకి దిగుతుంది, పక్కకి పోదు. కుదురుకున్నాక లేపితే అక్షరం. మూతలు పల్చనయ్యి పనికిరాలేదు. నంబర్ ప్లేట్లు చేసేవాడి దగ్గర ఇది కోయించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనే చెప్పొద్దన్నానమ్మా" అన్నారు జకర్యా గారు. గొంతు బాగా సన్నగిల్లిపోయింది, ముందుకి వంగి వినాల్సొచ్చింది. "కుదరకపోతే అందరికీ తెలిసి కుదరకపోవడం ఎందుకని. క్యారల్ మంచి పిల్ల. శనివారం ఏడింటిలోపు వాట్సాప్‌లో బులెటిన్ వస్తే నేను ముట్టుకోను అంకుల్, రాకపోతే నేను కొట్టేస్తాను అంది. మూడు వారాలు ప్రాక్టీసు చేశాను. ఇవాళ పరీక్ష. కానీ సార్‌కి చెప్పండి, ఇక చాలని."

"ఏమైంది?" అన్నాను.

జకర్యా గారు వేలు దించి లేపారు. పడాల్సిన అక్షరం పడలేదు, వేరేదేదో పడింది. ఇంకోటి, అదీ తప్పే. మాస్టారు బిళ్ళ తీసి స్కేలు పెట్టారు. నిన్నటిదాకా మూడు వరసలున్న కీబోర్డుకి పైన అంకెల వరస ఒకటి కొత్తగా మొలిచింది. మిగతావన్నీ కుంచించుకుని కిందికి జారాయి. ఒక్క కన్నం కింద ఒక్క అక్షరం సరిగ్గా లేదు.

"పొద్దున లేచేసరికి ఇలా ఉంది సార్. నేనేం ముట్టుకోలేదు. ఇవి మన మిషన్లు కావు. మన మిషన్లు రాత్రికి రాత్రి అక్షరాలు మార్చుకోవు."

బిళ్ళని అటూ ఇటూ జరిపి చూడటంలోనే టైము ఆరయింది. పేజీ కొట్టడానికి ఆయనకి ముప్పావు గంట పడుతుంది. మాస్టారు స్కేలు పట్టుకుని కూర్చున్నారు. రెండొందల ఫోన్లని ఫెయిల్ చేసిన మనిషి అదే వరసని మళ్ళీ మళ్ళీ కొలుస్తున్నారు. అది చూడలేక నేను సూరికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"అత్తా, ఆఫీసులో ఉన్నా, త్వరగా చెప్పు."

"ఒరే, కీబోర్డుకి పైన ఒక వరస మొలిచిందిరా. కొయ్యాలి."

"అప్‌డేట్ అయ్యుంటుంది. రాత్రి వైఫై ఉందా?"

"పక్కింటివాళ్ళది" అన్నారు జకర్యా గారు సిగ్గుపడుతూ.

"సరే, కంగారు లేదు. సెట్టింగ్స్‌లోకెళ్ళండి. భాష, కీబోర్డు అని ఉంటుంది. దాంట్లో అంకెల వరస అని చిన్న మీట. దాన్ని ఆపెయ్యాలి."

మాస్టారు నొక్కారు. యాభై ఏళ్ళు మిషన్లు బాదిన వేళ్ళు, దొండకాయల్లా ఉంటాయి. పక్కదానిమీద పడింది. ఫోను ఏదో మనకి తెలియని భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. సూరి చెప్పగా చెప్పగా దాన్ని వెనక్కి తెచ్చి మళ్ళీ నొక్కితే ఫోను నిద్రపోయింది. ఎమిలీ గారికి కళ్ళజోడు లేదు. జకర్యా గారు రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నారు.

"ఇలా ఇవ్వండి" అన్నాను. మీట అంత సన్నగా ఉంది కదా, సన్నటి వేలే కావాలి. ఎడమచేతి చిటికెన వేలు చాపాను. మాస్టారు ఆ వేలుని గుర్తుపట్టారు. ఆయన మొహంలో భయం నేను స్పష్టంగా చూశాను.

"టీచరమ్మా, ఇంకో వేలు ఏదైనా..."

నొక్కాను. అంకెల వరస మాయమైంది.

"అప్‌డేట్లు కూడా ఆపెయ్యి అత్తా, దాని కిందే ఉంటుంది" అన్నాడు సూరి. అదీ అదే వేలుతో నొక్కాను. మాస్టారు బిళ్ళ పెట్టారు. ఇరవై ఆరు కన్నాల కింద ఇరవై ఆరు అక్షరాలు, చెక్కినట్టు. స్కేలు పెట్టి కొలిచారు కూడా. నమ్మకం లేక కాదు, అయినా కొలిచారు.

ఆరూ పదికి జకర్యా గారు మొదలుపెట్టారు. చెయ్యి వణుకుతూనే వచ్చి బిళ్ళమీద వాలింది. వేలు కన్నంలోకి దిగింది, అందులో కాసేపు కొట్టుకుంది, కుదురుకుంది, లేచింది. అక్షరం. మళ్ళీ. మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. పరీక్ష జరిగేటప్పుడు మాట్లాడకూడదు కదా. పై వరస కన్నాల్లో వేలు ఎక్కువసేపు ఉంచి అంకెలు తెప్పిస్తూ కీర్తనల నంబర్లు కొట్టారు. పుట్టినరోజులు అయ్యాయి. జబ్బుపడ్డవాళ్ళ పేర్ల దగ్గర ఆయన ఆగి, ఒక పేరు వెనక్కి చెరిపేశారు.

"ఎవరిది?" అన్నారు మాస్టారు ఉండబట్టలేక.

"నాదే సార్. పోయినవారం కమిటీవాళ్ళు చేర్చారు."

ఆరూ యాభై నాలుగుకి పంపారు. నిమిషంలో క్యారల్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. నాది తెలుగు మీడియం, ఎమిలీ గారు చదివి చెప్పారు. "అంకుల్, ఒక్క తప్పు కూడా లేదు. నేను కొడితే నాలుగైనా ఉంటాయి. వచ్చే వారం కూడా ఏడింటికే చూస్తుంటాను" అని.

జకర్యా గారు కళ్ళజోడు తుడుచుకుని, "సార్, ఎన్ని మార్కులు?" అని అడిగారు.

మాస్టారు చాలాసేపు లెక్కవేసి, "తొంభై ఆరు" అన్నారు.

"నాలుగు ఎందుకు పోయాయి?"

"స్పీడు తగ్గింది."

జకర్యా గారు అంత గట్టిగా నవ్వుతారని నేననుకోలేదు. ఆ సన్నటి గొంతులో అంత నవ్వు ఎక్కడ దాచారో.

మర్నాడు మధ్యాహ్నం ఎమిలీ గారు చర్చినుంచి నేరుగా మా ఇంటికొచ్చి, బులెటిన్ నా చేతిలో పెట్టారు. అచ్చేసిన కాగితం. మల్లెపూల దండ అన్న మాట నిజమే. మేం పంపాక ఇంకో లైను చేర్చమని రాత్రి క్యారల్‌కి మళ్ళీ మెసేజ్ పెట్టారట జకర్యా గారు. అది పేజీ అట్టడుగున ఉంది, ఎమిలీ గారు తెలుగులో చెప్పారు. "టైపు పరీక్షా ఫలితాలు. ఎనభై ఒకటో బ్యాచి. లోవలక్ష్మి టీచర్, మల్కాజ్‌గిరి. ఎడమ చిటికెన వేలు. పాస్."

నేను కాగితం పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తాను. మాస్టారు అవతల కుర్చీలో కూర్చుని కొరియర్ అబ్బాయి ఫోను కొలుస్తున్నారు. పని అయిపోయింది కదా, ఇంకెందుకంటే, ఆ వణుకుడు జకర్యా ఒక్కడికే ఉందా ఏంటి అన్నారు.

"మాస్టారూ, పేపర్లో పడింది. నేను పాసట. ఎన్ని మార్కులు?"

"ముప్పై అయిదు" అన్నారు తలెత్తకుండా.

"అంటే కచ్చితంగా పాస్ మార్కా? అంతా నా వేలే తెచ్చుకుందా?"

ఆయన స్కేలు జేబులో పెట్టుకుని, చుట్టూ చూసి, కొరియర్ అబ్బాయికి వినపడకుండా గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"వచ్చినవి ముప్పై ఒకటే టీచరమ్మా. మిగతా నాలుగూ నేనే కలిపాను. జకర్యాకి తెలియనివ్వకండి, వాడి దగ్గర కోసినవి అవే."